పన్నెండో ఆర్గన్

2071లో భీమునిపట్నం వాళ్లకు సముద్రం ఊళ్లోకి ఎన్ని గంటలకు వస్తుందో ముందురోజే తెలిసిపోయేది. ఎండ, వాన సూచనలతోపాటు ‘నీటివేళలు’ కూడా ప్రకటించేవారు. నీటివేళకు పావుగంట ముందు బీచ్ రోడ్డు దుకాణాలవాళ్లు సరుకు సర్దుకొని పై అంతస్తుకు ఎక్కేవారు. ట్రాములు చక్రాలు ముడుచుకొని పడవల్లా తేలేవి. రెండు గంటలకు నీరు వెనక్కి తీసేది. జనం కిందికి దిగి, ఆపిన బేరాన్ని ఆపినచోటే మళ్లీ అందుకునేవారు.

పావురాళ్లకొండ వాలులో ఉన్న తీర సంగీత కళాశాలకు నీటి బెడద లేదు. దాన్ని దెబ్బతీసింది గాలి. రెండేళ్ల కిందటి తుపాను హాలు పైకప్పును ఎగరగొట్టింది. లోపల పధ్నాలుగు వందల గొట్టాల పైపు ఆర్గన్ ఉండేది. మూడు రోజులు ఉప్పువాన అందులోకి కురిసింది. చెక్క గాలిపెట్టెలు ఉబ్బి పగిలాయి. తగరపు గొట్టాలు మెడలు విరిగిన కొంగల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. పైకప్పు మళ్లీ వేశారు గానీ, అలాంటి వాద్యాన్ని బాగుచేసే చేతులు అప్పటికి ఈ చుట్టుపక్కల దేశాల్లో ఎక్కడా మిగల్లేదు.

ఒకప్పుడు డచ్చివాళ్లు ఓడలు నిలుపుకున్న రేవు కాబట్టి, వాళ్ల కాలంనాటి సంగీతాన్ని ఇక్కడ నేర్పుదామని కొందరు ఉత్సాహవంతులు నలభై ఏళ్ల కిందట పెట్టిన కళాశాల అది. ఆ సంగీతాన్ని బరోక్ సంగీతం అంటారు. అందులో మూడు నాలుగు పాటలు ఒకదాన్నొకటి తరుముకుంటూ, ఒకదాని మాట మరొకటి అందుకుంటూ నడుస్తాయి. పది వేళ్లకూ రెండు పాదాలకూ వేరువేరు బాధ్యతలుంటాయి. ఒక్క వేలు పని ఎగ్గొట్టినా ఒక గొంతు మూగపోతుంది.

గొట్టాల ఆర్గన్ పోయాక మిగిలిన దారి, గొట్టాలు లేకుండా యంత్రమే ధ్వని పుట్టించే మాయా ఆర్గన్. అందులో పాతరకం ఒకటుంది. ఎక్కడో ఉత్తర జర్మనీ చర్చిలో ఉన్న ఆర్గన్ గొట్టాలను ఒక్కొక్కటిగా మోగించి, ఆ ధ్వనులను ‘స్వరముద్రలు’గా భద్రపరుస్తారు. ఇక్కడ మెట్టు నొక్కితే అక్కడి గొట్టం పలుకుతుంది. కొత్తరకం వాయుగణన ఆర్గన్. దానిలో ముద్రలుండవు. గొట్టం పొడవు, దాని పెదవి వెడల్పు, తిత్తిలో గాలి ఒత్తిడి, చివరికి ఆ రోజు ఉక్కపోత కూడా లెక్కగట్టి, గాలి ఎలా కంపించాలో అప్పటికప్పుడు గణించి వినిపిస్తుంది.

వీటిలో ఏది కొనాలో తేల్చవలసింది ఆర్గన్ విభాగం అధిపతి డాక్టర్ కెజియా. ఆవిడకు యాభై ఎనిమిదేళ్లు. రెండేళ్లలో పదకొండు మాయా ఆర్గన్లు తెప్పించుకొని చూసింది. పదకొండింటినీ వెనక్కి పంపింది.

మొదటిదానిలో చర్చి ప్రతిధ్వనిని కూడా కలిపి ముద్రించారు. రాతి గోడల మధ్య ఏడు క్షణాలు నిలిచే మోత అది. దాన్ని తెచ్చి మన హాలులో మోగిస్తే గదిలో గది పెట్టినట్టుంది, స్వరాలన్నీ జావైపోతున్నాయి, వద్దంది. సరేనని ప్రతిధ్వని లేని పొడి ముద్రలున్నది తెచ్చారు. ఎండుచేపలా ఉందంది. ఒకదానిలో పన్నెండు స్వరస్థానాలనూ సమంగా పంచేశారు, పాతకాలపు శ్రుతిలోని చేదూ తీపీ పోయాయంది. శ్రుతి అచ్చంగా పాతదే ఉన్న ఇంకొకటి వస్తే, దాని కాలిమెట్లు పొట్టివి. మరొకదానిలో గాలి మరీ నిలకడగా ఉంది. అన్ని స్వరాలూ ఒక్కసారి నొక్కితే నిజమైన తిత్తి కాస్త ఆయాసపడుతుంది, ఇది పడటం లేదంది.

ఆవిడ చెప్పిన లోపాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే ఎవరూ అనుమానించలేదు.

అసలు సంగతి ఆవిడ కుడిచేతి ఉంగరపు వేలు. తుపానుకు రెండేళ్ల ముందునుంచే అది మాట వినడం మానేసింది. జడ అల్లుకునేటప్పుడు బాగుండేది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు బాగుండేది. మెట్ల మీద పెట్టగానే, భయపడిన గొంగళిపురుగులా, లోపలికి ముడుచుకుపోయేది. ఊరు కాని ఊరు వెళ్లి వైద్యుడికి చూపించుకుంది. వాద్యకారులకు వచ్చే డిస్టోనియా అన్నాడాయన. ఎముకలో లోపం లేదు, నరంలో లోపం లేదు, మెదడు ఆ ఒక్క పనికి పంపే ఆజ్ఞలో తిరకాసు ఉంది అన్నాడు. కెజియా ఆ కాగితాన్ని చింపేసి తిరిగొచ్చింది. అప్పటినుంచి వేళ్ల వరసలు మార్చుకొని, కష్టమైనచోట వేగం తగ్గించి నెట్టుకొచ్చింది.

తుపాను వెళ్లిన మర్నాడు కళాశాల వాళ్లంతా ఆవిడను ఓదార్చడానికి వచ్చారు. తడిసిన గొట్టాల మధ్య నిలబడి కెజియా ఏడ్చింది. ఆ ఏడుపు దుఃఖంతో వచ్చింది కాదని ఆవిడ ఒక్కదానికే తెలుసు. ఇక వాయించక్కర్లేదు. ఆ మాట గుండెల్లోకి ఎంత చల్లగా దిగిందో తలచుకుంటే ఇప్పటికీ తలెత్తలేనంత సిగ్గేసేది.

మూడోయేడు మొదలయ్యేసరికి పంతొమ్మిది మంది విద్యార్థుల్లో ఎనిమిది మంది వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. ప్రిన్సిపాల్ ఇక ఊరుకోలేదు. శనివారంలోగా ఏదో ఒక ఆర్గన్ ఎంచాలి, వచ్చేనెల ప్రారంభ కచేరీలో కెజియా వాయించాలి అని ఉత్తరం పంపాడు.

బుధవారం ఉదయం పన్నెండో ఆర్గన్ వచ్చింది. దాని పేరు గ్రాహి. దాంతోపాటు దాన్ని తయారుచేసిన ఇంజనీరు సమన్వి కూడా వచ్చింది. ముప్పై నాలుగేళ్ల మనిషి, సన్నగా, ఎప్పుడూ ఏదో విప్పుతూనో బిగిస్తూనో ఉండేది. హాలు బాగోగులు చూసే అప్పలసూరి ఆమెకు సాయం చేశాడు. పాత ఆర్గన్‌కు తిత్తుల పని ముప్పై ఏళ్లు చూసినవాడాయన.

“ఇది కూడా వాయుగణనమే, మేడమ్” అంది సమన్వి. “డచ్చి తీరంలోని ఒక ఊరి చర్చి ఆర్గన్‌ను కొలతలతో సహా ఎక్కించాం. శ్రుతి పాతది. తిత్తి ఆయాసపడుతుంది కూడా.”

“పదకొండు చూశాను, తల్లీ. ఇందులో కొత్తేముంది?”

“దిద్దుబాటు ఉంది. ‘సంకల్ప పేటిక’ అంటాం. ముంజేతికి ఒక పట్టీ కట్టుకుంటే, కండరాల్లో నడిచే సన్నటి విద్యుత్తును అది చదువుతుంది. వేలు మెట్టును తాకేలోపే మీరు ఏ మెట్టు నొక్కాలనుకున్నారో దానికి తెలుస్తుంది. వేలు తప్పు మెట్టు మీద పడితే, మీరు అనుకున్నదే పలుకుతుంది.”

పక్కనే నిలబడ్డ అభిషిక్త్ నవ్వాడు. అతడు కెజియా దగ్గరే నేర్చుకొని, అదే విభాగంలో రెండో ఉపాధ్యాయుడైనవాడు. నలభై అయిదేళ్లుంటాయి. రెండేళ్లుగా ఇంట్లో భోజనాల బల్ల మీద వేళ్లు ఆడించుకుంటూ సాధన చేస్తున్నాడు.

“మేడమ్‌కి ఇలాంటివి గిట్టవండీ” అన్నాడు. “దొంగచెయ్యి అంటారు దీన్ని. తరగతిలో ఎన్నిసార్లు చెప్పారో.”

“చెప్పాను” అంది కెజియా. ఆవిడ చూపు మాత్రం మెట్ల మీదే ఉంది.

“గ్రాహి సిద్ధంగా ఉంది. కూర్చుని చూడండి” అంది సమన్వి. హాలు వెనక పెట్టిన ధ్వని పలకలను సరిచేయడానికి అప్పలసూరిని తీసుకొని వెళ్లింది. విద్యార్థులు ఎదురుచూస్తున్నారని అభిషిక్త్ కూడా వెళ్లిపోయాడు.

కెజియా ఒంటరిగా కూర్చుంది. పట్టీ ఏదీ కనిపించలేదు. దాని అవసరం కూడా లేని కొత్తరకమేమో అనుకుంది. మెట్ల పైన చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. దొంగచెయ్యి పనిలో ఉందన్నమాట. ఎవరూ చూడటం లేదు. తప్పు పడితే అదే చూసుకుంటుంది.

ముందు ఎడమచేత్తో ఒక గొంతు మొదలుపెట్టింది. తరవాత కుడిచెయ్యి అందుకుంది. ఎప్పుడూ వేగం తగ్గించే మలుపు వచ్చింది. తగ్గించలేదు. పడితే పడింది అనుకుంది, దిద్దుతుందిలే అనుకుంది. మలుపు దాటేసింది. మూడో గొంతు ప్రవేశించింది, పాదాల కింద నాలుగోది కదిలింది. నాలుగేళ్లుగా కొండ ఎక్కలేక ఎక్కలేక ఎక్కుతున్న మనిషి ఒక్కసారి పరుగెత్తినట్టు వాయించింది. చివరి స్వరం హాలులో ఆగిపోయేదాకా చేతులు తియ్యలేదు. తీశాక ఒళ్లో పెట్టుకొని వాటిని చూస్తూ ఏడ్చింది.

సమన్వి వచ్చేసరికి కళ్లు తుడుచుకొని లేచి నిలబడింది. “కాగితాలు ఇవ్వమ్మా, సంతకం పెడతాను.”

కబురు తెలిసి అభిషిక్త్ పరుగెత్తుకొచ్చాడు. “ఒక్క గంటలో నచ్చిందా మేడమ్? దిద్దుబాటు ఉన్నది?”

“గాలి బాగుంది” అంది కెజియా. “మంద్రస్థాయి గొట్టాల పలుకు చూడు, ఎంత గుండ్రంగా ఉందో. దిద్దుబాటు పిల్లలకు పనికొస్తుంది.” అంతకుముందు ఎన్నడూ ఆవిడ అతని మొహం చూడకుండా మాట్లాడింది లేదు.

మర్నాడు పొద్దున్నే సమన్వి ఒక అట్టపెట్టె విప్పి, అందులోంచి చెయ్యి వెడల్పున ఉన్న నల్లటి పేటిక తీసింది. దాన్ని గ్రాహి పక్కన పెట్టి తీగ కలిపింది.

“రండి మేడమ్. పేటికకు మీ చేతిని పరిచయం చేద్దాం. ఒక పూట పడుతుంది.”

“నిన్న వాయించాను కదమ్మా దీని మీద?”

“నిన్న పేటిక ఈ అట్టపెట్టెలోనే ఉంది. పరిచయం లేని చేతిని అది దిద్దదు. నిన్న మీరు వాయించింది మామూలుగా వాయించిందే.”

సమన్వి ఆవిడ ముంజేతికి పట్టీ కట్టింది. కెజియా వచ్చి కూర్చుంది, ఎవరో చెయ్యి పట్టి కూర్చోబెట్టినట్టు.

పేటికలోంచి మెత్తటి గొంతు పలికింది. “బొటనవేలితో మొదలుపెట్టి వరసగా అయిదు మెట్లు వాయించండి.”

ఒకటి, రెండు, మూడు. నాలుగో వేలు లోపలికి ముడుచుకుపోయింది.

“ఉంగరపు వేలు ముడుచుకుంది. మీ ఉద్దేశం అదేనా?”

కెజియా ఆ వేలిని చాచి మళ్లీ మెట్టు మీద పెట్టింది.

“జవాబు లేకపోతే నేను నేర్చుకోలేను. మీ ఉద్దేశం అదేనా?”

“కాదు.”

“మళ్లీ వాయించండి.”

మళ్లీ ముడుచుకుంది. నిన్న పరుగెత్తిన వేలేనా ఇది అనిపించింది సమన్వికి. “మేడమ్, కాసేపు ఆపుదామా?” అంది. కెజియా వినిపించుకోలేదు.

“ఉంగరపు వేలు ముడుచుకుంది. మీ ఉద్దేశం అదేనా?”

“కాదు. కాదు! నాలుగేళ్లుగా నా ఉద్దేశం అది కాదు. అది నా మాట వినడం లేదు!”

హాలంతా ఆ అరుపు తిరిగింది. అది ఆగాక కెజియా తల తిప్పి చూసింది. గుమ్మంలో అభిషిక్త్ ఉన్నాడు. చేతిలో స్వరలిపి పుస్తకాలు.

“నాలుగేళ్లా?” అన్నాడు.

ఆవిడ తల ఊపింది.

అతడు పుస్తకాలను కుర్చీ మీద పెట్టాడు. ఒకటి జారి కిందపడినా తియ్యలేదు. “అయితే ఆ పదకొండు…”

“అన్నీ మంచివే. మూడోది మరీ మంచిది.”

“రెండేళ్లు, మేడమ్. ఆర్గన్ వస్తే కచేరీలు ఇద్దరికీ పంచాల్సి వస్తుందని, నాకు ఆ అర్హత లేదని మీరు అనుకుంటున్నారనుకున్నాను. ఇంట్లో భోజనాల బల్ల వాయించుకుంటూ కూర్చున్నాను. మా ఆవిడ కంచాలు పెట్టడానికి వస్తే లేచేవాణ్ని. ఎనిమిది మంది పిల్లలు వెళ్లిపోయారు. ఒక్క మాట చెబితే పోయేది కదా! మీరు వాయించకపోతే నేను వాయించేవాణ్ని, నేను కాకపోతే పిల్లలు వాయించేవాళ్లు.”

కెజియా సమర్థించుకోలేదు. “తుపాను వచ్చినప్పుడు సంతోషించాను, అభిషిక్త్” అంది. “అది నీకు చెప్పాల్సి వస్తుందని, వేలి కంటే దానికే ఎక్కువ భయపడ్డాను. నీ రెండేళ్లు నేను తిరిగివ్వలేను. క్షమించమని అడగ్గలను, అంతే.”

అతడు కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. కింద నీటివేళ మొదలైంది. బీచ్ రోడ్డు మీద ట్రాము ఒకటి చక్రాలు ముడుచుకొని మెల్లగా తేలింది. సమన్వి పేటికను ఆపేసి, తను అక్కడ లేనట్టు ఒక మేకును తుడుస్తూ కూర్చుంది.

ట్రాము మలుపు దాటాక అభిషిక్త్ వెనక్కి తిరిగాడు. “తుపానుకు ముందు ఈస్టర్ కచేరీ చేశారు. అప్పుడు కూడా ఈ వేలు ఇంతేనా?”

“రెండో గొంతు మొత్తం ఎడమచేత్తోనే లాక్కొచ్చాను.”

“అందుకా అంత నిదానంగా వాయించారు! అపూర్వమైన గాంభీర్యం అని పత్రికలో రాశారు. నేను ఆ గాంభీర్యం పిల్లలకు నేర్పాను, మేడమ్!”

కెజియా నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. అతనికీ ఆగలేదు. సమన్వి బిత్తరపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నవ్వు తగ్గాక కెజియా కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలింది. నాలుగేళ్ల తరవాత మొదటిసారి గుండెల నిండా గాలి పట్టినట్టనిపించింది.

మధ్యాహ్నానికల్లా పేటిక ఆవిడ చేతిని నేర్చుకుంది. అయితే సమన్వి నిజం దాచలేదు. “మీ చెయ్యి పంపే సంకేతమే తడబడుతోంది కాబట్టి ఇది సగమే దిద్దగలదు. నిన్న మీరు వాయించినట్టు ఇది వాయించలేదు.”

“నిన్న వాయించింది నేనే అంటున్నావు కదా.”

“మీరే. దిద్దేది ఒకటుందనుకొని వాయించారు.”

కెజియా ముంజేతి పట్టీని విప్పింది. “అయితే దీన్ని వెనక్కి పంపొద్దు. దీని మీట నా కంటికి కనిపించనిచోట ఉండాలి. వేసి ఉందో ఆపి ఉందో నాకు తెలియకూడదు. ఒక్కొక్క రోజు ఉండొచ్చు, ఒక్కొక్క రోజు ఉండకపోవచ్చు.”

“నాకూ అదే పద్ధతి పెట్టండి” అన్నాడు అభిషిక్త్. “రెండేళ్ల తుప్పు పట్టి ఉంది నా చేతులకి.”

మీట ఎవరి చేతిలో పెట్టాలన్న దానికి పెద్దగా చర్చ జరగలేదు. మాట పొల్లుపోనివ్వని మనిషి ఆ కళాశాలలో అప్పలసూరి ఒక్కడే. పాత తిత్తుల గది తాళం ఎలాగూ ఆయన దగ్గరే ఉంది.

“సెప్పమన్నా సెప్పనండి” అన్నాడాయన. “అమ్మగారు అడిగినా సెప్పను, బాబు అడిగినా సెప్పను. మరేటి కావాలి?”

అభిషిక్త్ చేతిని కూడా పేటికకు పరిచయం చేసి, దాన్ని తిత్తుల గదిలోకి చేర్చి తీగ కలిపే పని అప్పలసూరికి అప్పగించి, సమన్వి ఆ సాయంత్రమే బయల్దేరింది.

ప్రారంభ కచేరీ ఆదివారం మధ్యాహ్నం జరిగింది. ముందు అభిషిక్త్ వాయించాడు. రెండు పేజీల దాకా చెమటలు పట్టాయి, తరవాత సర్దుకున్నాడు. కెజియా వంతు వచ్చింది. పట్టీ కట్టుకొని కూర్చుంది. నాలుగు గొంతుల పెద్ద రచన అది. మధ్యలో ఒకచోట ఉంగరపు వేలు తొట్రుపడి ఒక స్వరం మింగేసింది. ఇవాళ దిద్దుబాటు లేదు కాబోలు అనుకుంది, లేకపోతే అది దిద్దలేని సగంలో పడిందేమో అనుకుంది. ఏదో ఒకటిలే అనుకొని ముందుకు పోయింది. పడిన చోట ఆగి బాధపడే మనిషి అలా దాటిపోవడం అభిషిక్త్ ఎప్పుడూ చూడలేదు. ఆ ఒక్క స్వరమే పోయింది. మిగతాదంతా కొండవాగులా దూకింది.

ఆ తరవాత అయిదు నెలలు హాలు తీరిక లేకుండా మోగింది. వెళ్లిపోయిన ఎనిమిది మందిలో అయిదుగురు తిరిగొచ్చారు. వాళ్లకు కూడా పట్టీలు కట్టి, వాయిస్తూ ఉంటే పేటికే మెల్లగా చేతిని నేర్చుకుంటుందన్నారు, మీట సంగతి చెప్పారు. తప్పుకు భయపడేవాళ్లు తగ్గిపోయారు.

ఆరో నెలలో సమన్వి మళ్లీ వచ్చింది. ఆమె పనిచేసే సంస్థకు ప్రతి గ్రాహి నుంచీ దిద్దుబాట్ల లెక్క దానంతటదే చేరుతుంది. భీమిలి గ్రాహి లెక్క మొదటిరోజు నుంచీ సున్నా చూపిస్తోంది. యంత్రంలో లోపం ఉందేమో చూసి రమ్మని పంపారు.

అప్పలసూరి తిత్తుల గది తాళం తీశాడు. బల్ల మీద పేటిక దుమ్ము లేకుండా శుభ్రంగా ఉంది. దాని తీగ మాత్రం నేల మీద చుట్టగా పడి ఉంది.

“ఇదేమిటి? కలపలేదా?”

“తీగ సాల్లేదండి. హాలుకీ ఈ గదికీ నలబై అడుగులు. తీగ ఏటో ఇరవై కూడా లేదు. మీకు సెబుదామంటే అప్పటికే ఎల్లిపోనారు. కబురెడితే ఈళ్లిద్దరికీ తెలిసిపోద్ది కదా? సెప్పనని మాటిచ్చాను.”

“ఇన్ని నెలలూ?”

“రోజూ మీట మాత్రం ఏత్తన్నానండి. ఒకరోజు పైకి, ఒకరోజు కిందకి.”

సమన్వి సంచిలో ఇలాంటి అవసరాలకోసం తెచ్చిన పొడుగు తీగ ఉంది. అది తీసి విప్పబోతుండగా గుమ్మంలో నీడ పడింది. అభిషిక్త్ లోపలికి వచ్చి తలుపు దగ్గరకు వేశాడు.

“ఆ తీగ కలపకండి” అన్నాడు గొంతు తగ్గించి. “నాకు తెలుసు. రెండో నెలలోనే ఉండబట్టలేక అప్పలసూరి దగ్గర తాళం అడిగి తీసుకొని చూశాను. ఆ రోజు చేతులు కొయ్యబారిపోయాయి నాకు. కానీ ఎదురుగా మేడమ్ ఎంత ధైర్యంగా వాయిస్తున్నారో చూశాక, నేను తడబడితే ఆవిడకు అనుమానం వస్తుందని భయమేసింది. ఆ భయంలో నా భయం మరిచిపోయాను. ఆవిడకు మాత్రం తెలియనివ్వకండి. ఆవిడ దీని మీదే నిలబడి ఉన్నారు.”

సమన్వి తీగను సంచిలో పెట్టేసింది. వరండాలోకి వచ్చేసరికి కెజియా అక్కడ ఒక కుర్చీలో కూర్చుని విద్యార్థుల కాగితాలు దిద్దుతోంది. పక్కనున్న కుర్చీ చూపించింది.

“దేనికి వచ్చావో నాకు తెలుసు, అమ్మాయ్. తీగ తెచ్చావా?”

సమన్వి సంచిని ఒళ్లోకి లాక్కొని కూర్చుంది.

“కచేరీ అయిన మూడో వారంలోనే చూశాను. తెలియకుండా ఉండాలని షరతు పెట్టింది నేను, తెలుసుకోకుండా ఉండలేకపోయింది కూడా నేనే. మనిషి బుద్ధి అంతే. తీగ అలా చుట్టగా పడి ఉండటం చూసి అక్కడే తిత్తి మీద కూలబడ్డాను. ఇక అయిపోయిందనుకున్నాను. పదింటికి పాఠం ఉంది. పిల్లలు ఎదురుగా కూర్చున్నారు, అభిషిక్త్ పక్కనే ఉన్నాడు. నేను తడబడితే వాళ్లందరికీ అనుమానం వస్తుంది. వాళ్ల ధైర్యం పోతుంది. ఎలాగైనా వాళ్లను కాయాలనుకొని వాయించాను. సగం అయ్యాక గుర్తొచ్చింది, నా వేలి సంగతి నేను చూసుకోవడం లేదని.” కెజియా కుడిచేతిని ఎత్తి వేళ్లు చాచింది. “పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడూ ముడుచుకుంటుంది. ముడుచుకుంటే ముడుచుకోనీ.”

“మరి అభిషిక్త్ గారు…”

“అతనికి చెప్పకు. పాపం, దాన్నే నమ్ముకొని ఉన్నాడు.”

సమన్వి ఆవిడ మొహంలోకి చూసింది. అందులో వేళాకోళం లేదు. హాలులోంచి ఎవరో అమ్మాయి వాయిస్తున్న ఫ్యూగ్, గొంతులు తరుముకునే రచన, వినిపిస్తోంది. ఒక తప్పు పడింది, ఆ అమ్మాయి ఆగలేదు.

“చెప్పను, మేడమ్” అంది సమన్వి.

వెళ్లేముందు అప్పలసూరిని పక్కకు పిలిచింది. “ఇద్దరూ తాళం తీసుకున్నారా?”

“తీసుకున్నారండి. పిల్లలు కూడా నలుగురు తీసుకున్నారు. సెప్పొద్దని ఎవరికి వాళ్లే అన్నారు.”

“మీరు ఎవరికీ చెప్పలేదా?”

“మాటిచ్చాను కదండీ.”

ట్రాము స్టాపులో నిలబడి సమన్వి తన పరికరాన్ని తీసింది. సంస్థ నుంచి అప్పటికే రెండుసార్లు ప్రశ్న వచ్చింది: దిద్దుబాట్లు ఎందుకు సున్నా, లోపం ఎక్కడుంది? ఆమె కాసేపు కొండ వైపు చూసింది. లోపం ఏమీ లేదని జవాబు రాసి పంపి, వచ్చిన ట్రాము ఎక్కింది.